మూడు రోజుల సెలవుతో తీరే దుఃఖం కాదు



కాస్త పెద్ద పోస్టు ఇది. స్టడీ అవర్ అయ్యాక తీరిగ్గా చదవండి. హాస్టల్లో ఉన్నవాళ్లు, హాస్టల్ నుంచి బయటికొచ్చి డిగ్రీలు చేస్తున్నవాళ్లు, టీచర్లుగా చేస్తున్న మనవాళ్లు అందరూ చదవాలని నా కోరిక.

మన గ్రూపులో ఎవరింట్లోనైనా చావు జరిగిందని మెసేజ్ పడితే గంటలోపే వంద మంది 'రిప్' అని పెడతాం, దండం బొమ్మ పెడతాం. అది తప్పని అనడం లేదు. దూరంగా ఉన్నవాళ్లం అంతకన్నా ఏం చేయగలం అనిపిస్తుంది. కానీ వారం తిరక్కుండానే ఆ తమ్ముడు ట్రంకు పెట్టె మోసుకుని హాస్టల్‌కి తిరిగొస్తాడు. అప్పుడు అతని పక్కన కూర్చునేవాళ్లు ఎంతమంది? చాలా చోట్ల ఎవరూ ఉండరు. అతన్ని చూసి మిగతా పిల్లలు మాట్లాడటం ఆపేస్తారు. ఏం మాట్లాడాలో తెలీక తప్పుకుని పోతారు. వార్డెన్ గారు 'వచ్చావా, సరే, మిస్సయిన నోట్సు రాసుకో' అంటారు. అంతే, అక్కడితో ఆ విషయం అయిపోయిందనుకుంటాం.

అయిపోదు. నేను చెప్పదలుచుకున్నది అదే. పన్నెండేళ్ల నుంచి పంతొమ్మిదేళ్ల మధ్య వయసులో అమ్మనో నాన్ననో తోబుట్టువునో పోగొట్టుకున్న మన పిల్లలకి దుఃఖపడటానికి చోటు లేకుండా పోతోంది. ఊళ్లో ఆ చోటు ఉంది గానీ పిల్లలు అక్కడ లేరు, హాస్టల్లో ఉన్నారు. హాస్టల్లో ఆ చోటు ఎవరూ ఇవ్వలేదు. దీన్ని సరిచేయడంలో ఐటీడీఏ చేయాల్సింది కొంత ఉంది. మన సీనియర్లం చేయాల్సింది ఇంకా ఎక్కువ ఉంది.

మన పిల్లల పరిస్థితి ఎందుకు వేరు

మైదానంలో చదివే పిల్లాడికి నాన్న పోతే అతను సాధారణంగా ఇంట్లోనే ఉంటాడు. జబ్బు చేసినప్పటి నుంచి చూస్తూ ఉంటాడు. మన పిల్లలు మూడో తరగతికో అయిదో తరగతికో ఆశ్రమ పాఠశాలలో చేరిపోతారు. దసరాకి, సంక్రాంతికి, వేసవికి ఇంటికెళ్తారు. ఇంటి దగ్గర అమ్మకి జ్వరం వచ్చిందని, పీహెచ్‌సీకి తీసుకెళ్లారని, అక్కడి నుంచి పెద్దాసుపత్రికి పంపారని ఏ ఒక్కటీ వాళ్లకి తెలీదు. ఒకరోజు మధ్యాహ్నం బాబాయో మావయ్యో గేటు దగ్గరికొస్తాడు. 'ఇంటి దగ్గర పనుంది, పద' అంటాడు. దారిలో నిజం చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదు. ఊరి పొలిమేరలో డోలు చప్పుడు విన్నాక ఆ పిల్లకి తెలుస్తుంది.

ఒక్కోసారి అప్పటికి మట్టి వేయడం కూడా అయిపోయి ఉంటుంది. మన ఊళ్లలో శవాన్ని పెట్టుకోవడానికి ఫ్రీజర్లుండవు, వానొస్తే దారులుండవు, ఫోనుకి సిగ్నల్ ఉండదు. ఎవరినీ తప్పు పట్టలేం. కానీ అమ్మ ముఖం ఆఖరిసారి చూడని పిల్ల మనసులో ఆ చావు సగమే జరిగినట్టు ఉండిపోతుంది. హాస్టల్‌కి తిరిగొచ్చాక, సంక్రాంతి సెలవులకి వెళ్తే అమ్మ ఇంట్లోనే ఉంటుందేమో అని లోపల ఎక్కడో అనిపిస్తూ ఉంటుంది. పదిహేనేళ్ల పిల్లకి అలా అనిపించడం పిచ్చి కాదు. చూడనిదాన్ని మనసు ఒప్పుకోదు.

ఇంకొకటి ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. చదువుకున్న మన పిల్లలకి ఇంటి చావు విషయంలో ఒక ప్రత్యేకమైన అపరాధభావం ఉంటుంది. 'నేను ఇంట్లో ఉండుంటే 108కి ఫోన్ చేసేవాణ్ణి', 'డాక్టరు చీటీ నేను చదివి చెప్పేదాన్ని', 'డోలీ మోయడానికి నేనుంటే ఇంకాస్త తొందరగా రోడ్డెక్కేవాళ్లు'. రోడ్డు లేకపోవడం, ఆసుపత్రిలో డాక్టరు లేకపోవడం పద్నాలుగేళ్ల పిల్లాడి తప్పు కాదు. అది వాడికి తెలియాలంటే ఎవరో ఒకరు నోరు తెరిచి వాడితో అనాలి. ఒక్కసారి అంటే సరిపోదు, చాలాసార్లు అనాలి.

ఊరు చేసే పని ఏమిటి

మన పెద్దలు కౌన్సెలింగ్ అనే మాట వాడలేదు. కానీ దుఃఖానికి వాళ్ల దగ్గర పద్ధతులున్నాయి. చావు జరిగిన ఇంటికి ఊరంతా వస్తుంది. ఆ ఇంట్లో పొయ్యి వెలగకపోయినా అన్నం వస్తుంది. ఆడవాళ్లు రాగం తీసి ఏడుస్తూ పోయినవాళ్ల బతుకంతా చెప్తారు. ఎక్కడ పుట్టింది, ఏ పోడు కొట్టింది, ఎవరికి పెట్టింది, ఎవరితో పోట్లాడింది, అన్నీ ఆ ఏడుపులో ఉంటాయి. గోండుల ఇళ్లలో కర్మకి పర్ధాన్లు కిక్రీ వాయించి పాడతారు. కోయలు పోయినవాళ్ల పేరిట రాయి నిలబెట్టే ఆనవాయితీ ఉంది. తర్వాత కొన్నాళ్లకి పెద్ద కర్మ, ఆ తర్వాత ప్రతి పండక్కీ పెద్దలకి పెట్టడం. కొత్తల పండగ నాడు మొదటి ముద్ద వాళ్లకి తీసి పెట్టిన తర్వాతే మనం తింటాం. క్రైస్తవంలోకి వెళ్లిన కుటుంబాలు కూటం పెట్టి ప్రార్థన చేసుకుంటాయి. అక్కడా ఊరు వచ్చి కూర్చోవడం మాత్రం మారలేదు.

సవరల గురించి ఒక మాట చెప్పాలి. పీర్స్ విటెబ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త ఒడిశా వైపు సవర ఊళ్లలో 1970ల నుంచి వచ్చిపోతూ ఉండి, 1993లో 'డైలాగ్స్ విత్ ది డెడ్' అనే పుస్తకం రాశాడు. అక్కడ పోయినవాళ్లు పూనకం వచ్చిన మనిషి నోటి ద్వారా మాట్లాడతారు. బతికున్నవాళ్లు వాళ్లతో గంటల తరబడి మాట్లాడతారు, ఏడుస్తారు, నిష్ఠూరాలాడతారు, జవాబులు అడుగుతారు. ఒకసారితో ఆగదు, ఏళ్ల తరబడి జరుగుతుంది. మెల్లగా ఆ పోయిన మనిషి బాధపెట్టే జ్ఞాపకం నుంచి కాపాడే పెద్దగా మారుతుంది. చివరికి ఆ కుటుంబంలో పుట్టిన బిడ్డకి తన పేరు ఇస్తుంది. ఇప్పుడు ఆ పద్ధతి చాలా ఊళ్లలో తగ్గిపోయింది, అదే రచయిత 2017లో ఇంకో పుస్తకంలో ఆ మార్పు గురించే రాశాడు. నమ్మడం నమ్మకపోవడం ఎవరిష్టం వాళ్లది. నేను గమనించమంటున్నది ఏంటంటే, మన పెద్దలు దుఃఖానికి ఏళ్ల టైము ఇచ్చారు. దాన్ని నలుగురిలో, నోటితో, గట్టిగా బయటికి రానిచ్చారు.

ఇప్పుడు పట్నంలో మానసిక నిపుణులు చెప్తున్నది కూడా దీనికి దూరంగా లేదు. 1996లో కొందరు పరిశోధకులు 'పోయినవాళ్లతో బంధం తెంచుకోనక్కర్లేదు, దాన్ని వేరే రూపంలో కొనసాగించుకోవచ్చు' అని పుస్తకం రాశారు. పెద్దలకి ముద్ద పెట్టే మనకి అది కొత్త సంగతి కాదు.

అలాగని ఊరు చేసేదంతా మంచిదని నేను అనను. మూడు విషయాలు మనలో మనమే మాట్లాడుకోవాలి.

ఒకటి, చిల్లంగి. ఎవరో చేతబడి చేసి చంపేశారని చావింట్లోనే గుసగుసలు మొదలవుతాయి. తండ్రిని పోగొట్టుకున్న పదహారేళ్ల కుర్రాడు అసలే ఎవరి మీద కోపపడాలో తెలీక రగిలిపోతూ ఉంటాడు. వాడికి ఒక పేరు చూపిస్తే వాడి దుఃఖం పగగా మారిపోతుంది. ఆ పేరు దాదాపు ఎప్పుడూ దిక్కులేని ముసలాయనదో ఒంటరి ఆడమనిషిదో అయి ఉంటుంది. దాని వల్ల జరిగే ఘోరాలు మనం పేపర్లలో చదువుతూనే ఉన్నాం. మలేరియా, పాముకాటు, రక్తహీనత, గుండెపోటు అని అసలు కారణం ఆ పిల్లాడికి విడమరిచి చెప్పే మనిషి ఆ ఇంట్లో ఉండాలి. చదువుకున్న మనం కాకపోతే ఇంకెవరు చెప్తారు?

రెండు, సారా. కర్మకి కల్లు, సారా ఉంటాయి, అది ఆచారం. కానీ 'మగాడివయ్యావు, తాగు, బాధ తగ్గుద్ది' అని పదిహేనేళ్లవాడికి పోయడం ఆచారం కాదు. అక్కడ మొదలైన తాగుడు కర్మతో ఆగదు.

మూడు, ఈ వయసు పిల్లలు ఎవరికీ కనపడరు. చిన్నపిల్లల్ని అందరూ ఎత్తుకుంటారు. పెద్దవాళ్ల చుట్టూ పెద్దవాళ్లు కూర్చుంటారు. మధ్యలో ఉన్న పిల్ల నీళ్లు మోస్తూ, వచ్చినవాళ్లకి ఆకులు వేస్తూ, తమ్ముణ్ణి చంకనేసుకుని తిరుగుతూ ఉంటుంది. 'ఇంక నువ్వే అమ్మవి' అంటారు దాన్ని. ఏడవడానికి దానికి టైమే దొరకదు. రెండేళ్లు తిరక్కముందే పెళ్లి మాట కూడా వస్తుంది.

ఈ వయసు దుఃఖం ఎలా కనిపిస్తుంది

పోయిన మరుసటి వారం కుర్రాడు వాలీబాల్ ఆడుతూ నవ్వాడనుకోండి, 'వీడికి బాధే లేదు' అంటాం. అది తప్పు. 1999లో స్ట్రోబ్, షూట్ అనే ఇద్దరు పరిశోధకులు చెప్పినదాని ప్రకారం దుఃఖంలో ఉన్న మనిషి రెండు ఒడ్ల మధ్య తిరుగుతూ ఉంటాడు. కాసేపు పోయినవాళ్ల బాధలో ఉంటాడు, కాసేపు బతుకు పనుల్లో పడతాడు. రెండూ కావాలి. ఆడుకునేటప్పుడు ఆడుకోనివ్వాలి, ఏడ్చేటప్పుడు ఏడవనివ్వాలి.

దుఃఖానికి అయిదు మెట్లుంటాయని, ఒక్కొక్కటీ దాటుకుంటూ పోవాలని సోషల్ మీడియాలో తిరుగుతూ ఉంటుంది. ఎలిజబెత్ కుబ్లర్ రాస్ 1969లో ఆ అయిదు దశలు రాసింది చావుకి దగ్గరైన రోగుల్ని చూసి. మిగిలినవాళ్లు అదే వరసలో ఏడవాలని ఎక్కడా లేదు. కాబట్టి 'నీకింకా కోపం దశ రాలేదా' లాంటి లెక్కలు వద్దు.

ఈ వయసులో దుఃఖం కన్నీళ్లలోనే కనిపించదు. ఊరికే కడుపునొప్పి, తలనొప్పి అంటారు. రాత్రి నిద్ర పట్టక క్లాసులో పడుకుంటారు. చిన్నమాటకే కొట్లాటకి దిగుతారు. లెక్కల్లో బాగా చేసే పిల్ల ఉన్నట్టుండి తెల్లకాగితం ఇచ్చేస్తుంది. కొంతమంది దానికి పూర్తిగా ఎదురు, పుస్తకంలోంచి తలెత్తరు, అందరూ మెచ్చుకుంటారు. వాళ్లని కూడా గమనించాలి. కొంతమందికి భయం పట్టుకుంటుంది: 'నాన్న కూడా పోతాడా? నాకూ అదే జబ్బా?' అన్నో చెల్లో సికిల్‌సెల్‌తో పోయిన ఇంట్లో ఈ భయానికి అర్థం ఉంది. 2023 జులైలో మొదలైన సికిల్‌సెల్ మిషన్ కింద పరీక్ష ఉచితంగా చేస్తారు. 'ఏం కాదులే' అని కొట్టిపారేయకుండా పరీక్షకి తీసుకెళ్లండి. వాహకుడు అంటే జబ్బు మనిషి కాదని కూడా వివరించండి.

భాష సంగతి ఒకటి. కువి, కోయ, సవర, గోండి, కొలామి మాట్లాడే ఇంటి పిల్లలకి అమ్మ జ్ఞాపకాలన్నీ ఆ భాషలోనే ఉంటాయి. 'ఎలా ఉన్నావు' అని తెలుగులో అడిగితే 'బాగున్నాను సార్' అంటారు. అదే ఇంటి భాషలో ఒక్కమాట పలకరించి చూడండి, కళ్లలో నీళ్లొచ్చేస్తాయి. ఈ పని బయట నుంచి వచ్చిన ఏ నిపుణుడూ చేయలేడు, మనమే చేయగలం.

సీనియర్లుగా మనం ఏం చేయాలి

1. పక్కన కూర్చోండి. సలహాలు వద్దు. 'విన్నాను రా, చాలా బాధగా ఉంది. మాట్లాడాలనిపిస్తే నేనున్నాను, అనిపించకపోతే ఊరికే కూర్చుందాం' అంటే చాలు. భోజనానికి వెళ్లేటప్పుడు పిలుచుకుని వెళ్లండి. పళ్లెం ముందు అన్నం కెలుకుతూ కూర్చుంటే తొందరపెట్టకండి.

2. పోయినవాళ్ల పేరు పలకండి. 'గుర్తు చేస్తే ఏడుస్తాడు' అని భయపడతాం. వాడికి అది క్షణక్షణం గుర్తుండనే ఉంటుంది, కొత్తగా మనం గుర్తు చేసేది ఏమీ లేదు. 'మీ అమ్మ చేసే పచ్చడి ఎలా ఉండేది', 'మీ నాన్న నీకు ఈత నేర్పాడా' అని అడగండి. చెప్పాలనిపిస్తే చెప్తాడు.

3. కొన్ని మాటలు మానేద్దాం. 'మగపిల్లాడివి, ఏడుస్తావా', 'ఇంటికి పెద్దకొడుకువి, నువ్వే ఇలా అయిపోతే ఎలా', 'దేవుడు మంచోళ్లనే తీసుకుపోతాడు', 'మా ఇంట్లో అయితే ఇద్దరు పోయారు'. ఇవన్నీ మంచి మనసుతోనే అంటాం. కానీ వినేవాడికి 'నోరు మూసుకో' అన్నట్టే వినిపిస్తాయి.

4. నిజం చెప్పండి. తీసుకురావడానికి వెళ్లింది మీరే అయితే దారిలోనే, ఒక చెట్టు కింద కూర్చోబెట్టి, సూటిగా చెప్పండి. 'సీరియస్‌గా ఉంది' అని అబద్ధం చెప్పి ఇంటిదాకా తీసుకెళ్తే ఆ తర్వాత ఇంకెప్పుడూ పెద్దవాళ్ల మాట నమ్మరు.

5. తారీఖులు గుర్తుపెట్టుకోండి. నెల రోజులకి, పెద్ద కర్మకి, మొదటి కొత్తల పండక్కి, ఏడాదికి ఒక ఫోన్ చేయండి. అందరూ మర్చిపోయిన నాలుగో నెలలో వచ్చిన ఫోను మొదటిరోజు వచ్చిన వంద మెసేజీలకన్నా విలువైనది.

6. మట్టి వేసేటప్పుడు అందుకోలేకపోయిన పిల్లలకి ఇంకో దారి చూపించండి. సెలవులకి వెళ్లినప్పుడు సమాధి దగ్గరికి పెద్దవాళ్లతో కలిసి వెళ్లమనండి. ఒక ఉత్తరం రాయమనండి, ఒక మొక్క నాటమనండి. ఫొటో ఒక్కటి కూడా లేని ఇళ్లు మనవాళ్లలో చాలా ఉన్నాయి. రేషన్ కార్డులోనో ఆధార్‌లోనో ఉన్న బొమ్మని పెద్దది చేయించి ఇస్తే ఆ పిల్లకి అదే పెద్ద కానుక.

7. ఏడుస్తున్న పిల్లల ఫొటోలు, వీడియోలు గ్రూపుల్లో పెట్టకండి. సాయం అడగాలనుకున్నా ముఖం చూపించకుండా అడగొచ్చు.

కాగితాల పని కూడా దుఃఖంలో సాయమే

మనవాళ్లలో చావు తర్వాత చదువు ఆగిపోవడానికి సగం కారణం డబ్బు. 'నేను మానేసి పనికి వెళ్తా' అని పెద్దపిల్ల తనంతట తనే అనుకుంటుంది. దుఃఖంలో ఉన్న కుటుంబం ఆఫీసుల చుట్టూ తిరగలేదు. మనం తిరగొచ్చు.

ముందు మరణ ధ్రువపత్రం. చావు జరిగిన 21 రోజుల్లోపు పంచాయతీలో నమోదు చేయిస్తే సులువుగా, ఖర్చు లేకుండా వస్తుంది. ఆ తర్వాత తిప్పలు మొదలవుతాయి. ఈ కాగితం లేకపోతే వితంతు పింఛను రాదు, బ్యాంకు డబ్బు రాదు, బీమా ఉంటే అదీ రాదు. తండ్రి పేరిట ఉన్న ఆర్వోఎఫ్ఆర్ పట్టా వారసులకి వస్తుంది, అమ్ముకోవడానికి మాత్రం వీల్లేదు. 2006 అటవీ హక్కుల చట్టంలోనే అలా ఉంది. 'ఆయన పోయాడుగా, పట్టా పోయింది' అని ఎవరైనా అంటే నమ్మకండి.

తండ్రి పోయి తల్లి ఒక్కతే పెంచుతున్న పిల్లలకి, ఇద్దరూ పోయి చుట్టాలింట్లో పెరుగుతున్న పిల్లలకి మిషన్ వాత్సల్య పథకం కింద నెలకి 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. జిల్లా బాలల సంరక్షణ విభాగానికి దరఖాస్తు పెట్టాలి. అంగన్‌వాడీ టీచర్ని అడిగితే దారి చెప్తారు. అర్హత ఉన్నవాళ్లందరికీ వెంటనే వస్తుందని నేను చెప్పలేను, కానీ పెట్టని దరఖాస్తుకి మాత్రం ఎప్పటికీ రాదు.

అధికారుల్ని ఏం అడగాలి

మన సంఘం తరఫున ఐటీడీఏ గ్రీవెన్స్‌లో పీవో గారికి ఇవ్వడానికి నా ప్రతిపాదన ఇది. తల్లిదండ్రులు, తోబుట్టువులు, పెంచిన అవ్వాతాతలు చనిపోతే ఆశ్రమ పాఠశాల, గురుకులం విద్యార్థికి కర్మ అయ్యేదాకా సెలవు ఇవ్వాలి, పెద్ద కర్మకి మళ్లీ ఇవ్వాలి. ఆ రోజులు హాజరులో కోయకూడదు. తిరిగొచ్చాక పరీక్ష మళ్లీ రాసే వీలుండాలి. ఇంటి నుంచి కబురొస్తే ఎవరు, ఎక్కడ, ఎలా చెప్పాలో వార్డెన్లకి, మేట్రన్లకి ఒక రోజు శిక్షణ ఇవ్వాలి. హాస్టల్లో పిల్లలు ఒంటరిగా మాట్లాడుకునే ఫోను ఒకటి ఉండాలి. వీటిలో ఏదీ కోట్ల బడ్జెట్ అడిగేది కాదు.

దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయని నాకు తెలుసు. మొదటిది కొందరు టీచర్లది: 'అన్ని రోజులు పంపితే పిల్ల తిరిగి రాదు, పెళ్లి చేసేస్తారు. హాస్టల్లో ఉంటేనే చదువు నిలబడుద్ది.' ఈ భయం ఉత్తది కాదు, అలా జరగడం మనకీ తెలుసు. కానీ పిల్లని కర్మకి పంపకుండా ఉంచేసుకోవడం దానికి మందు కాదు. పంపేటప్పుడే తిరిగొచ్చే తారీఖు మాట్లాడుకోవాలి, ఆ ఊరి యువకుల్లో ఒకరికి బాధ్యత అప్పగించాలి, ఆ రోజు రాకపోతే ఇంటికి వెళ్లాలి. మనసు ఇంటి దగ్గర వదిలేసి బెంచీ మీద కూర్చున్న పిల్ల ఎలాగూ చదవదు.

రెండోది మనవాళ్లదే: 'మన తాతలు ఏ కౌన్సెలింగూ లేకుండా బతకలేదా? ఇదంతా పట్నం సోకు.' తాతలకి ఊరుంది అన్నా. వాళ్ల చుట్టూ ఏడ్చే నలుగురున్నారు. నాలుగొందల మంది ఉన్న హాస్టల్లో దుప్పటి ముసుగులో ఏడ్చే పిల్లాడికి ఆ నలుగురు లేరు. నేను కొత్త సోకు అడగడం లేదు, ఆ నలుగుర్ని హాస్టల్లో ఏర్పాటు చేద్దామంటున్నాను.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి

దుఃఖం రోగం కాదు. 2022లో సవరించిన అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథంలో దీర్ఘకాల శోకాన్ని రుగ్మతగా చేర్చారు గానీ, పిల్లల విషయంలో కనీసం ఆరు నెలలు, పెద్దవాళ్ల విషయంలో ఏడాది గడిచాక కూడా రోజూ తీవ్రంగా ఉండి బతుకు ముందుకి సాగకపోతేనే అలా పిలవాలన్నారు. డాక్టర్లే ఆరు నెలలు ఆగుతుంటే మనం మూడు రోజులకే 'ఇంకా ఏంట్రా' అంటున్నాం.

కానీ కొన్ని గుర్తులు కనపడితే ఒక్కరోజు కూడా ఆగకూడదు. 'నేనూ అమ్మ దగ్గరికి వెళ్లిపోతా', 'నేనుండి ఏం లాభం' అనడం, తనకిష్టమైన వస్తువులు పంచిపెట్టేయడం, ఒంటి మీద గాట్లు పెట్టుకోవడం, తిండి మానేయడం, రోజూ తాగడం. అలాంటప్పుడు 'చచ్చిపోవాలనిపిస్తోందా?' అని నెమ్మదిగా, సూటిగానే అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడొద్దు, అలా జరగదు. అవునంటే తిట్టకండి, ఒట్టు వేయించుకోకండి, ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుమందు డబ్బాలు అందని చోట పెట్టించండి. 'ఎవరికీ చెప్పకు అన్నా' అంటే ఈ ఒక్క విషయంలో మాట ఇవ్వకండి, నమ్మకమైన పెద్దమనిషికి చెప్పండి.

టెలీమానస్ నంబరు 14416. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, పగలూ రాత్రీ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పిల్లలకి ఏ ఇబ్బంది ఉన్నా 1098. సిగ్నల్ లేని ఊళ్లలో ఏఎన్ఎం, ఆశా అక్క ద్వారా పీహెచ్‌సీ డాక్టరుకి చెప్పండి. అక్కడి నుంచి జిల్లా ఆసుపత్రి మానసిక వైద్యుడి దగ్గరికి పంపుతారు. తోడు మాత్రం మీరే వెళ్లండి. ఒంటరిగా పంపితే బస్టాండు నుంచే వెనక్కి వచ్చేస్తారు.

చివరిగా ఒక పని. ప్రతి ఆశ్రమ పాఠశాలకి, ప్రతి గురుకులానికి మన సంఘం నుంచి ఇద్దరు సీనియర్లని పెట్టుకుందాం, ఒక అన్న, ఒక అక్క. ఆ పిల్లల ఇంటి భాష వచ్చినవాళ్లయితే మంచిది. నెలకోసారి వెళ్లి, ఈమధ్య ఎవరింట్లో చావు జరిగిందో కనుక్కుని, ఆ పిల్లల దగ్గర అరగంట కూర్చుని రావాలి. పిల్లల పేర్లు బయట చెప్పకూడదు, గ్రూపులో రాయకూడదు. వచ్చే ఆదివారం లోపు మీ మండలం నుంచి ఎవరు ముందుకొస్తారో చెప్పండి, లిస్టు నేను రాసుకుంటాను. సెలవుల విషయం మీద వినతిపత్రం కూడా రాసి ఉంచుతాను, సంతకాలకి సంత రోజు కలుద్దాం.

జై ఆదివాసీ.